కరాచీలో ఆరు రోజులు

1935 ఫిబ్రవరి. ఏలూరులో ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు జ్ఞానయ్యగారి వరండాలో ముగ్గురు కూర్చున్నారు. మిషను వారి ఆడపిల్లల హాస్టలుకి హన్నమ్మని మేట్రనుగా తీసుకోవచ్చా, కూడదా అన్నది ఆ పూట తేలాలి. దొరసాని బిడ్డకి ఆయాగా సీమకి వెళ్ళి, కరాచీ దాకా విమానంలోనూ, అక్కణ్ణించి రైల్లోనూ వచ్చి మొన్న గురువారం ఏలూరులో దిగిన విధవరాలు ఈ హన్నమ్మ. వద్దని చెప్పడానికి పనిగట్టుకుని తాడేపల్లిగూడెం నుంచి వచ్చినవారు ఆమె భర్తకి స్వయానా అన్నగారు, లెక్కల మేష్టారు నిత్యానందంగారు. లెక్కకి రానిది సాక్షాత్తూ దేవుడు చేసినా ఒప్పుకునే మనిషి కాదాయన.

“...అంచేత, అయ్యగారూ, నోటిమాట పట్టుకుని నేను రాలేదు. మా బడిలో గోడకి ప్రపంచ పటం ఉంది. లండను మీద ఓ గుండుసూది గుచ్చాను. కరాచీ మీద ఓ గుండుసూది గుచ్చాను. మధ్యన దారప్పోగు బిగించి కట్టి, స్కేలు పెట్టి కొలిచాను. నాలుగు వేల మైళ్ళు. విమానం గంటకి నూరు మైళ్ళు పోతుందని పేపర్లో వేశారు. నాలుగు వేలని నూరుతో భాగించండి.”

“ఆదివారం పూట నాచేత భాగహారాలెందుకండీ మేష్టారూ. మీరు చేసే వచ్చుంటారు.”

“నలభై! నలభై గంటలు. దొరసానమ్మ మీకు రాసిన ఉత్తరంలో ఏముంది? శనివారం మధ్యాహ్నం లండనులో విమానం ఎక్కామని ఉంది. ఎప్పుడు దిగామన్నది లేదు. లేకపోతేనేం, లెక్క ఉంది. సోమవారం తెల్లారకుండా కరాచీలో దిగాలి. ఈవిడ కరాచీలో రైలెక్కింది ఎప్పుడు? ఆ పై ఆదివారం సాయంత్రం. మధ్యలో ఆరు రోజులు! ఏమ్మా హన్నమ్మా, ఆ ఆరు రోజులూ కరాచీలో ఏం చేశావు?”

“ఆరు రోజులు అక్కడ లేనండీ బావగారూ. మేం దిగిందే శుక్రవారం మధ్యాహ్నం.”

“విన్నారా అయ్యగారూ? నలభై గంటల దారికి ఆరు రోజులట! విమానానికి ఎడ్లని కట్టారా అమ్మా?”

“ఎడ్లు లేవండి. కొంతదూరం రైలుంది.”

“ఏముందీ?”

“రైలండీ.”

“అదేమిటమ్మా హన్నమ్మా, విమానంలో వచ్చానన్నావు కదా?”

“విమానంలోనేనండి అయ్యగారూ. లండను నుంచి పారిస్ దాకా విమానమే. అక్కడ దింపేసి రైలెక్కించారు. ఇటలీ వాళ్ళు తమ మీంచి పోనివ్వరటండి. అంచేత ఆ దేశం చివరంటా రైల్లోనే. రెండు రాత్రుళ్ళు.”

“భేష్! విమానం టిక్కెట్టు చేతికిచ్చి రైల్లో కూర్చోబెట్టారు. ఇంకా నయం, పడవెక్కించారు కాదు.”

“ఎక్కించారండీ బావగారూ.”

“పడవా?”

“పడవేనండి. కాకపోతే రెక్కలున్నది. మన కొల్లేట్లో గూడబాతులాగ నీళ్ళ మీద తేలుతుందండి. లేవాలంటే చాలాదూరం పరిగెట్టి పరిగెట్టి లేస్తుంది. లేచాక మాత్రం బాగానే పోతుంది.”

“రెక్కల పడవ! రేపు ఈకలున్న ఎద్దుబండి కూడా వస్తుంది. అయ్యగారూ, ఇంకా వినాలా మనం? బెజవాడ నుంచి వచ్చే సాయంత్రం బండికి నేను గూడెం వెళ్ళిపోవాలి.”

“గురువారం నేను దిగిన బండేనండి అది. ఇంకా చాలా టైముంది. అడగండి బావగారూ.”

“అడక్కేం! కలెక్టరుగారికే దొరకని సీటు నీకెలా దొరికింది? ఆయాలకి విడిగా ఏమైనా పెట్టారా విమానం, జనానా డబ్బాలాగ?”

“దొరగారికి టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదికొచ్చిందని కరాచీ నుంచి తంతి వచ్చిందండి. మన గోదావరి కాలవల మీదుండే ఇంజనీరు దొరే, సింధు దేశం బదిలీ చేశారుగా. ఓడలో వస్తే మూడు వారాలు. దొరసాని చంకలో ఆరు నెలల పసిగుడ్డు, అది నా దగ్గర తప్ప ఊరుకోదు. పుట్టింటివారిచ్చిన ముత్యాల దండ అమ్మేసి రెండు సీట్లు కొన్నారావిడ. దొరగారు బతికారండి, దేవుడి దయవల్ల.”

“దేవుడికి స్తోత్రం. ఆ సంగతి ఉత్తరంలో కూడా రాశారండీ మేష్టారూ.”

“రాస్తారు, రాస్తారు. సరే, ఎక్కారు. ఎక్కేముందు ఏం చేశారు? అబద్ధమాడేవాళ్ళు ఇలాంటి చోట దొరికిపోతారు. చెప్పు.”

“కాటాలో పెట్టి తూచారండి.”

“పెట్టెల్నా?”

“పెట్టెల్నీ, మమ్మల్నీ. ముందు దొరసానిని, తరవాత బిడ్డతో సహా నన్ను.”

“దొరసానిని కాటా ఎక్కించారా! ధాన్యం బస్తాలాగ!”

“ధాన్యం బస్తా అయితే తరుగు తీసేవారండి. మాకు తీయలేదు.”

“నవ్వకండి అయ్యగారూ! హాస్టలు కమిటీ మెంబరు మీరే ఇలా నవ్వితే—”

“లేదు, లేదు. దగ్గొచ్చింది. చెప్పమ్మా, ఆ రెక్కల పడవ ఎక్కాక?”

“సోమవారం పొద్దున్న ఎక్కామండి. పొద్దుగూకేసరికి ఏథెన్సులో దిగిపోయాం.”

“ఏథెన్సా! పౌలుగారు ప్రసంగం చేసిన ఏథెన్సా? ఆ కొండ చూశావా తల్లీ?”

“చీకటి పడిపోయిందండి అయ్యగారూ. బిడ్డకి పాలు కాచుకోడంతో సరిపోయింది. మంగళవారం రాత్రికి ఐగుప్తు, దొరలు ఈజిప్టంటారు. అక్కణ్ణించి మామూలు విమానం. బుధవారం పొద్దున్నే గాజా.”

“గాజా! సమ్సోను ఊరి తలుపులు పీకి భుజాన వేసుకుపోయిన గాజా!”

“ఆయ్, అదేనండి. అక్కడ పెట్రోలు పోసుకున్నారు.”

“అయ్యగారూ, మనం వచ్చింది ఆదివారపు బడి నడపడానికి కాదు. హన్నమ్మా, పొద్దుగూకేసరికి దిగిపోయాం, దిగిపోయాం అంటున్నావు. దిగడమెందుకు? రాత్రి ఎగిరితే దానికి రేచీకటా?”

“రాత్రుళ్ళు ఎగరదండి అది. మీ లెక్కలో మీరు రాత్రుళ్ళు కూడా ఎగరేసేశారు. బుధవారం రాత్రి బాగ్దాదులో పడక. గురువారం రాత్రి ఇసకలో మట్టికోట ఒకటుందండి, చుట్టూ తుపాకులు పట్టుకుని అరబ్బులు కాపలా, అందులో పడక. ప్రతిచోటా కోడి కూయకుండా లేపేసేవారు. పైగా రోజూ గడియారం కాస్త ముందుకి తిప్పేవారండి. తూర్పుకి వస్తున్నాం కదా, అలా తిప్పాలట.”

“గంటల్ని కూడా మింగేశావన్నమాట. మరి దారి? ఆ ఎడారిలో దారెలా తెలుస్తుందమ్మా వాడికి? చుక్కల్ని చూసుకుంటూ పోతాడంటావా? రాత్రుళ్ళు ఎగరదన్నావు, చుక్కలుండవు. దొరికావు!”

“నాగలి చాలు చూసుకుంటూ పోతాడండి.”

“ఏం చాలు?”

“నాగలి చాలండి. ఎడారిలో వందల మైళ్ళు చాలు దున్ని పెట్టారు. కిటికీలోంచి నాకూ కనబడింది. విమానం నడిపేవాడు కిందకి చూసుకుంటూ దాని వెంబడే పోతాడు. మీ దారప్పోగులాంటిదేనండి బావగారూ, కాస్త వంకరగా ఉందంతే.”

“ఆకాశంలో పోయే విమానానికి నేలమీద చాలు! వరి వేశారా, జొన్న వేశారా? అయ్యగారూ, నేను పాతికేళ్ళనుంచి పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. నాలుగు వేల మైళ్ళకి నూరు మైళ్ళ చొప్పున నలభై గంటలు. ఇది ఏలూరులోనైనా ఒకటే, లండనులోనైనా ఒకటే.”

“బావగారూ, కోప్పడకపోతే ఓ మాట అడగనా? ఐగుప్తు నుంచి కనాను దేశానికి మీ దారం కడితే ఎన్ని మైళ్ళుంటుందండీ?”

“ఎంత, రెండు వందలు... రెండు వందల యాభై. దేనికి?”

“రోజుకి పది మైళ్ళు నడిస్తే?”

“పాతిక రోజులు.”

“ఇశ్రాయేలు వాళ్ళకి నలభై ఏళ్ళు పట్టింది కదండీ. మోషేగారిని కూడా ఈ వరండాకి పిలిపిస్తారా?”

“హ్హహ్హ! మేష్టారూ, దీనికి సమాధానం చెప్పండి ముందు!”

“పరిశుద్ధ గ్రంథంతో పరాచికాలా? చూడండి ఆ నోరు! సీమ నీళ్ళు తాగొచ్చిన నోరు! ఈ నోటికా మీరు ముప్పై మంది ఆడపిల్లల్ని అప్పగించేది?”

“గ్రంథం వద్దులెండి. మా పెళ్ళి మాట చెప్పుకుందాం. ఏలూరు నుంచి కొల్లేట్లో మా లంక, కాకి తిన్నగా ఎగిరితే పదిమైళ్ళే. మీ పెళ్ళివారి పడవ ఎప్పటికి చేరిందండీ?”

“అది వేరు. కిక్కిస గడ్డిలో ఇరుక్కుంది.”

“అవునవును, నాకు బాగా గుర్తు! రాత్రంతా దోమలు. ఆ పడవలో నేనూ ఉన్నాను కదా. సీమోను పట్టుబట్టలు విప్పి నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్ళలో దిగి, పెళ్ళికొడుకై ఉండి పడవని నెట్టుకుంటూ వచ్చాడు పాపం. మర్నాడు మధ్యాహ్నానికి చేరాం. అప్పటికి పెళ్ళికూతురికి తెచ్చిన అరిసెల బుట్ట ఖాళీ.”

“తిన్నదెవరో నేను చెప్పనండి అయ్యగారూ.”

“పోయినవాణ్ణి ఇప్పుడెందుకండీ తలుచుకోడం! మాట తప్పిస్తోంది, మీరూ దాని వెంట పోతున్నారు.”

“తప్పించడం కాదు మేష్టారూ. నాకిప్పుడు అర్థమైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఎగిరితే మీ నలభై గంటలూ అయిపోయాయి. అంతకు ముందు రైలు. సరిపోయింది. మీ లెక్క మీదే సరిపోయింది.”

“...నాలుగు రోజులు సరిపోయాయనుకుందాం. మిగతా రెండూ? శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా? అప్పుడు కరాచీలోనేగా ఉంది?”

“తెలీక అడుగుతాను మేష్టారూ, విమానం గొడవ తీరిపోయింది. ఇంకా కరాచీ పట్టుకు వేళ్ళాడతారేమండీ?”

“ఇంటి పరువండీ! తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ దీనికి నేనేగా దిక్కు.”

“ఆయ్. నాకూ తమరే దిక్కు, ముదినేపల్లి చేనుకీ తమరే దిక్కు.”

“చూశారా ఎత్తిపొడుపు! తమ్ముడి వాటా చేను బీడు పడకూడదని ఎనిమిదేళ్ళుగా నేను నడుం విరగ్గొట్టుకుంటుంటే—”

“అదేనండి నేనూ అంటున్నది.”

“సరే, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. శుక్రవారం దొరగారి బంగళాలో పడుకున్నావు. ఒప్పుకున్నాను. ఆదివారం పొద్దున్న గుడికి వెళ్ళి, సాయంత్రం రైలెక్కి, గురువారం ఇక్కడ దిగావు. నాలుగు రోజుల దారి. అదీ ఒప్పుకున్నాను. శనివారం? శనివారం బంగళా గడప దాటావా, లేదా?”

“దాటానండి.”

“ఎవరితో?”

“ఒక్కదాన్నే. పొద్దున్న వెళ్ళి దీపాలవేళకి వచ్చాను.”

“రాసుకోండి అయ్యగారూ! పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా, ఒంటరిగా, ముక్కూమొహం తెలీని ఊళ్ళో! నేనూరికే అన్నానా? ఏమైంది ఇందాకటి నోరు? చెప్పు, ఎక్కడికెళ్ళావు?”

“ఉండండి మేష్టారూ, అలా గదమాయించకండి. నాకు చెప్పమ్మా. ఎక్కడికెళ్ళావు?”

“సమాధుల తోటకండి అయ్యగారూ.”

“ఎక్కడికీ?”

“కంపౌండరు పనికి వెళ్ళి ఆయన పోయింది కరాచీలోనే కదండీ. అంతదూరం వెళ్ళి ఒక్క పువ్వయినా పెట్టకుండా ఎలా వస్తాను? ఆయన ముఖం చివరిసారి చూడలేదు, మట్టి వేయలేదు. దొరసానిని అడిగితే ఆవిడే తోటలోంచి పూలు కోసిచ్చి, గుర్రబ్బండి మాట్లాడి పంపించారు.”

“అయ్యో తల్లీ! సీమోను పోయాడని పెట్టిన ఆదరణ కూటంలో వాక్యం చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు నువ్వేడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. ఇదటండీ మేష్టారూ, మీరు తవ్వి తీసిన పాపం?”

“అది... అది ముందే చెప్పొచ్చుగా. సరే, అయిందేదో అయింది. నాకేం అభ్యంతరం లేదండీ అయ్యగారూ. ఇచ్చేయండి పని. ఎక్కడ, ఇంటి పెద్దగా నా సంతకం ఎక్కడ పెట్టమంటారు? పెట్టేసి నేను వెళతాను.”

“అదేమిటి! ఇందాకటిదాకా ఆరు రోజులకీ లెక్క చెప్పాలన్నారు—”

“చెప్పేసింది కదండీ. మంచిపిల్ల. నేనే పొరపడ్డాను. వస్తానమ్మా.”

“కూర్చోండి బావగారూ. శనివారం ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.”

“బండి టైమవుతోందమ్మా—”

“ఆ బండి మనల్నొదిలి పోదులెండి. ఒక్క సంగతి. ఆయన పోయారని కరాచీ నుంచి వచ్చిన ఉత్తరం మీ దగ్గరుందాండీ? అప్పుడు నాకు అక్షరమ్ముక్క రాదు. ఇంగ్లీషులో ఉందని మీరే చదివి, ప్లేగన్నారు. నేను నమ్మాను. ఇప్పుడు దొరసాని దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకున్నానండి. ఓసారి నా కళ్ళతో చదువుకుందామని.”

“ఎనిమిదేళ్ళనాటి కాగితం ఎవడు దాస్తాడమ్మా! చెదలు తినేశాయి.”

“అయితే చెదలకీ ఇంగ్లీషు వచ్చిందన్నమాట.”

“హన్నమ్మా, ఆ సంగతికేంగాని, సమాధి కనిపించిందా తల్లీ?”

“కనిపించలేదండి అయ్యగారూ. కాపలా తాత ఒకాయన ఉన్నాడు. నాకు వచ్చిన ఆ కాస్త హిందూస్తానీలోనే అడిగాను. పుస్తకం తీసి, పేరు చెప్పమన్నాడు. కట్టుకున్నవాడి పేరు నేనెన్నడూ నోటితో అన్నదాన్ని కాదు. ఆ రోజే మొదటిసారి ‘సీమోను’ అన్నాను. మద్రాసు వైపు మనిషి, కంపౌండరు, ఎనిమిదేళ్ళ కిందట ప్లేగుతో పోయారు అని చెప్పాను. పుస్తకం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పాడండి. ఆ యేడు మా ఊళ్ళో ప్లేగే లేదమ్మా, అన్నాడు.”

“పుస్తకాల్లో సవాలక్ష తప్పులుంటాయి! కాపలావాడు, వాడికేం తెలుసు!”

“లెక్కల్లోనూ ఉంటాయండి బావగారూ. ఆ తాత నా మొహంకేసి చూసి, ‘ఏ సీమోను? రేవు ఆస్పత్రిలో కంపౌండరు సీమోనా? అతన్ని సమాధుల్లో వెతుకుతావేం తల్లీ? పొద్దున్నే మా మనవరాలికి మందు కలిపిచ్చాడు’ అన్నాడు.”

“దేవా! ఏమంటున్నావమ్మా? సీమోను... మన సీమోను...”

“ఆ ఆస్పత్రికి వెళితే, నన్ను చూడగానే చేతిలో మందుసీసా వదిలేశారండి. ఎదురుగా వస్తే వెనక్కి వెనక్కి పోతారు! నేనూ చచ్చిపోయానట అయ్యగారూ. కొల్లేటి వరదలో మా లంకతో సహా కొట్టుకుపోయానట. ఆయనకీ ఓ ఉత్తరం వెళ్ళింది. దాచుకున్నది తీసి చూపించారు, చేతిరాత బావగారిదే. ఇంకెవరికోసం రావాలని అక్కడే ఉండిపోయారు. ఎనిమిదేళ్ళు ఆయనకోసం నేనేడ్చాను, నాకోసం ఆయనేడ్చారు. రెండెకరాల చేనుకండి ఇదంతా. అడిగితే నేనే ఇచ్చేద్దును.”

“అయ్యగారూ, నాకు... నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేను స్టేషనుకి—”

“కూర్చో నిత్యానందం.”

“స్టేషనుకి అందరం కలిసే వెళదామండి అయ్యగారూ. దానికి ముందు బావగారు నాకో చిన్న లెక్క చెప్పాలి. ఆదివారం సాయంత్రం కరాచీలో రైలెక్కిన మనిషి గురువారం సాయంత్రం బండికి ఏలూరులో దిగింది, అది మీరూ ఒప్పుకున్నారు. మీ తమ్ముడుగారికి సెలవు దొరికి, బుధవారం సాయంత్రం ఎక్కినట్టు తంతి ఇచ్చారు, ఇదిగో. ఆయన ఏ రోజు ఏ బండికి దిగుతారో చెప్పండి బావగారూ, దారం కావాలంటే ఇస్తాను.”